పటం మీద భావనారుషి, ఫుట్‌పాత్ మీద థోర్

దేవుళ్లను నేను మొదటిసారి వరుస బొమ్మల్లో చూసింది, బొమ్మల గుడ్డ విప్పుతూ పురాణం చెప్పే కూనపులి వాళ్ల పటం మీద. మాది జనగామ దగ్గర ఒక పల్లె. ఇంట్లో గుంట మగ్గం ఉండేది. బాపు నేసేవాడు, అమ్మా నాయనమ్మా కండెలు చుట్టేవాళ్లు. పంటలు ఇళ్లకు చేరి అందరి చేతుల్లో నాలుగు పైసలు ఆడే రోజుల్లో కూనపులి వాళ్లు మా వాడకు వచ్చేవాళ్లు. వాళ్లు పద్మశాలీలకే కథ చెబుతారు. ముదిరాజులకు కాకిపడగల వాళ్లు, గౌడులకు గౌడజెట్టి వాళ్లు వేరే ఉంటారు. ఎవరి పటం వాళ్లది, ఎవరి పురాణం వాళ్లది. మాది మార్కండేయ పురాణం. అందులో మా పిల్లలందరికీ ఇష్టమైనవాడు మార్కండేయుడి కొడుకు భావనారుషి. తామరతూడు నుంచి నూలు తీసి దేవతలకు బట్ట నేసినవాడు, పులినెక్కి తిరిగేవాడు.

ఆ పటాలు మాకు దగ్గర్లోనే, చేర్యాలలో తయారయ్యేవి. నకాషీలు అనే చిత్రకారుల కుటుంబాలు వాటిని గీసేవి. నేత గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎండబెట్టి, దాని మీద ఎర్రటి నేపథ్యం వేసి బొమ్మలు రాసేవాళ్లు. నలుపుకు దీపపు మసి, తెలుపుకు శంఖం పొడి, నీలానికి నీలిమందు. మూడడుగుల వెడల్పు, పొడవు నలభై అడుగులు కూడా ఉండేది. దాన్ని చుట్టగా చుట్టి తెచ్చి, రెండు గుంజలకు అడ్డకర్ర కట్టి వేలాడదీసి, కథ నడిచిన కొద్దీ ఒక్కో వరుస విప్పేవాళ్లు. కథకుడి చేతిలో సన్నటి పుల్ల. ఆయన పుల్ల ఎక్కడ పెడితే మా కళ్లు అక్కడ. తర్వాతి వరుసలో ఏముందో చుట్ట లోపల ఉండిపోయేది. అది చూడాలని పానం కొట్టుకునేది.

నాకు బాగా గుర్తున్నది బొమ్మల కంటే ఆయన మాటలు. పటం మీద రాక్షసుడు ఎప్పటి నుంచో ఉన్న రాక్షసుడే. కానీ కథకుడి నోట్లో ఆ రాక్షసుడు మా ఊరి సంగతులన్నీ మాట్లాడేవాడు. ఒకసారి భావనారుషి తామరతూడు తెచ్చే ఘట్టంలో ఆగి, మా బాపు వైపు తిరిగి అన్నాడు: "భావనారుషి కాలంల నూలు చెరువుల దొరికింది తమ్మీ. మనకు సొసైటీల గూడ దొరుకుతలేదు." వాడంతా నవ్వింది. బాపు కూడా నవ్వాడు, కానీ ఆ నవ్వు నాకు వేరేగా అనిపించింది. నూలు ధర పెరిగి మగ్గం చాలా రోజులు ఆగిపోయిన ఏడాది అది. మిల్లు బట్ట, అప్పు, భీవండికి వలస పోయినవాళ్ల పేర్లు... ఇవన్నీ పురాణంలోకి వచ్చి కూర్చునేవి. ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. పురాణం అంటే అలాగే ఉంటుందని నేను అనుకుని పెరిగాను.

తర్వాత చదువు వచ్చింది. గ్రంథాలయంలో చందమామ వచ్చింది. చందమామ గురించి రాయడం మొదలుపెడితే ఈ వ్యాసం అక్కడే ఆగిపోతుంది కాబట్టి శంకర్ గారి బేతాళుడి బొమ్మకు ఇక్కడి నుంచే ఒక దండం పెట్టి ముందుకు పోతాను. అమర చిత్ర కథలు కూడా అప్పుడే చూశాను. అనంత్ పాయ్ 1967లో మొదలుపెట్టిన ఆ పుస్తకాలు లేకపోతే మన దేశంలో ఎంతమంది పిల్లలకు పురాణాలు అందేవి కావో. వాటి మీద నాకు గౌరవం ఉంది. కానీ వాటిలో దేవుళ్లు ఎప్పుడో, ఎక్కడో ఉండేవాళ్లు. నగలు మెరిసేవి, గోడలు నున్నగా ఉండేవి, కథ అయిపోగానే అందరూ తిరిగి ఆ పాత కాలంలోకి వెళ్లిపోయేవాళ్లు. మా వాడకు వచ్చి నూలు ధర గురించి మాట్లాడే దేవుడు ఆ పేజీల్లో నాకు కనిపించలేదు. ఆ వెలితి ఏమిటో అప్పుడు చెప్పమంటే చెప్పలేకపోయేవాడిని.

డిగ్రీకి హైదరాబాద్ వచ్చాను. తొంభైల మధ్య కాలం. హాస్టల్లో ఉండే మా బ్యాచ్‌కు ఆదివారం అంటే ఆబిడ్స్. షాపులు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. ఇంజనీరింగ్ పుస్తకాల కోసం వచ్చేవాళ్లు, నవలల కోసం వచ్చేవాళ్లు, ఊరికే తిరిగేవాళ్లు. ఆ కుప్పల్లో ఒక మూల అమెరికన్ కామిక్స్ ఉండేవి. అట్టలు చినిగినవి, అంచులు పసుపు పట్టినవి, ఎవరి ఇంటి నుంచి ఏ దేశం దాటి వచ్చాయో తెలియనివి. అక్కడ పది రూపాయలకు కొన్న ఒక సంచిక నన్ను ఇప్పటికీ వదల్లేదు. 'థోర్' 362వ సంచిక, 1985 డిసెంబర్ అని అట్ట మీద ఉంది. రాసిందీ గీసిందీ వాల్ట్ సైమన్సన్.

థోర్ ఎవరో అప్పటికి నాకు తెలియదు. ఉత్తర ఐరోపా వాళ్ల ఉరుముల దేవుడని, చేతిలో సుత్తి ఉంటుందని, గురువారానికి ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారని తర్వాత తెలుసుకున్నాను. ఆ సంచిక నా చేతికి వచ్చేసరికి కథ సగంలో ఉంది. మరణలోకం. దాని రాణి హెలా. అక్కడ చిక్కుకున్న మనుషుల ప్రాణాలను విడిపించి థోర్, అతని తోటి వీరులు భూమికి తీసుకొస్తున్నారు. వెనకాల హెలా సైన్యం తరుముతోంది. మధ్యలో గ్యాలర్‌బ్రూ అనే వంతెన. ఎవరో ఒకరు అక్కడ నిలబడి సైన్యాన్ని ఆపితే తప్ప మిగతావాళ్లు బయటపడలేరు. నేను ఉంటానని థోర్ అంటాడు. అప్పుడు స్కర్జ్ అనేవాడు వెనక నుంచి థోర్‌ను కొట్టి పడేసి, నా బదులు ఇతన్ని తీసుకుపొండి అంటాడు.

ఈ స్కర్జ్ మంచివాడేమీ కాదు. అంతకు ముందు కథల్లో థోర్‌కు శత్రువు. ఒక మాయలాడి ప్రేమలో పడి ఆమె చెప్పిందల్లా చేసి, చివరికి ఆమె చేతిలోనే అవమానపడ్డవాడు. తనను చూసి లోకమంతా నవ్వుతోందని వాడికి తెలుసు. తన గొడ్డలిని కూడా పోగొట్టుకున్నాడు. అలాంటివాడు చేతుల్లోకి ఎం-16 తుపాకులు తీసుకుని ఆ వంతెన మీద ఒక్కడే నిలబడతాడు. దెయ్యాల సైన్యం వస్తూనే ఉంటుంది, వాడు కాలుస్తూనే ఉంటాడు. వాడు తిరిగి రాడు.

ఆ వంతెన సైమన్సన్ కల్పించింది కాదు. ఐస్‌లాండ్ పండితుడు స్నోరి స్టర్లుసన్ 13వ శతాబ్దంలో రాసిన ఎడ్డా అనే పురాణ గ్రంథంలో ఉంది. చనిపోయిన బాల్డర్ అనే దేవుణ్ణి వెనక్కి తేవడానికి హెర్మోడ్ గుర్రం మీద ఆ వంతెన దాటి వెళ్తాడు. ఏడెనిమిది వందల ఏళ్ల నాటి ఆ వంతెన మీదకు సైమన్సన్ మా కాలపు యుద్ధ తుపాకీని తెచ్చి పెట్టాడు. వంతెన పాతది, తుపాకి కొత్తది, పరువు పోయిన మనిషి మటుకు ఎప్పుడూ ఉండేవాడు. హాస్టల్ వరండాలో లైటు కింద కూర్చుని, తెలియని పదాలకు డిక్షనరీ వెతుక్కుంటూ చదివాను. చదవడం అయ్యాక నాకు గుర్తొచ్చింది పద్మవ్యూహంలో అభిమన్యుడు కాదు, పల్నాటి బాలచంద్రుడు కూడా కాదు. వాళ్లు మొదటి నుంచీ వీరులే. నాకు గుర్తొచ్చింది మా వాడలో తాగి తిరుగుతూ అందరిచేతా మాటలు పడి, ఒక వానాకాలం రాత్రి చెరువు కట్ట తెగబోతుంటే పొద్దు పొడిచే దాకా ఇసుక బస్తాలు మోసిన ఒక మనిషి. కథకుడు పుల్ల పెట్టి చూపిస్తే మా వాడ మనిషి పురాణంలో కనిపించేవాడే, అదే పని ఈ అమెరికన్ చేశాడు.

అప్పటి నుంచి ఆబిడ్స్‌లో థోర్ కోసమే వెతికేవాడిని. వరుసగా ఎప్పుడూ దొరకలేదు. ముందుది తర్వాత, తర్వాతది ముందు దొరికేవి. కథను నేనే వరుసగా పేర్చుకునేవాడిని. సైమన్సన్ 1983లో 337వ సంచికతో ఈ పని చేపట్టాడని, దాదాపు నాలుగేళ్లు నడిపాడని అలా ఒక్కో ముక్కా కలుపుకుంటూ తెలుసుకున్నాను. ఆ తొలి సంచికల్లో ఒక పద్ధతి నాకు భలే నచ్చింది. ప్రతి సంచికలో ఒకటి రెండు పేజీల్లో ఎక్కడో చీకట్లో ఎవరో ఒక మహా ఖడ్గాన్ని కొలిమిలో సాగగొడుతుంటాడు. ఎవరో చెప్పరు, ఎందుకో చెప్పరు. సమ్మెట దెబ్బ పడ్డప్పుడల్లా "డూమ్" అనే అక్షరాలు పేజీ అంతా నిండిపోతాయి. జాన్ వర్క్‌మన్ అనే ఆయన రాసిన అక్షరాలు అవి. నెల నెలా పాఠకుడు ఆ దెబ్బ కోసం ఎదురుచూడాలి. చివరికి అది సుర్త్, లోకాన్ని కాల్చడానికి వచ్చే అగ్ని రాక్షసుడు అని తేలుతుంది. చుట్ట విప్పకుండా ఊరించే కూనపులి ఆయన నాకు అక్కడ మళ్లీ కనిపించాడు.

థోర్ అంటే మొదట్లో ఎలా ఉండేవాడో కూడా చెప్పాలి. 1962లో స్టాన్ లీ, లారీ లీబర్, జాక్ కిర్బీ కలిసి ఈ దేవుణ్ణి కామిక్స్‌లోకి తెచ్చినప్పుడు కథ డోనాల్డ్ బ్లేక్ అనే కుంటి డాక్టర్‌తో మొదలవుతుంది. నార్వేలో ఒక గుహలో ఆయనకు ఒక చేతికర్ర దొరుకుతుంది. దాన్ని రాయికేసి కొడితే అది సుత్తి అవుతుంది, ఆయన థోర్ అవుతాడు. ఆ డాక్టర్ నిజానికి ఎప్పుడూ థోరేనని, కొడుకు గర్వం అణచడానికి ఓడిన్ అతన్ని అలా మరపులో పెట్టి భూమ్మీదకు పంపాడని తర్వాత బయటపెట్టారు. అజ్ఞాతవాసం కథ వింటూ పెరిగిన మనకు ఇందులో కొత్త ఏమీ లేదు. జమ్మిచెట్టు మీద గాండీవం ఉంది, విరాటుడి కొలువులో బృహన్నల ఉన్నాడు.

కానీ సైమన్సన్ ఆ డాక్టర్ వేషాన్ని తీసేశాడు. దాని బదులు థోర్‌కు సిగర్డ్ జార్ల్‌సన్ అనే పేరు, ఒక కళ్లద్దాల జత ఇచ్చి న్యూయార్క్‌లో భవనాలు కట్టే పనిలో కూలీగా పెట్టాడు. డాక్టర్ వేషంలో ఉన్న దేవుణ్ణి చూస్తే నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. కూలి పనికి పోయే దేవుణ్ణి చూడగానే మా చిన్నాయన గుర్తొచ్చాడు.

మా చిన్నాయన భీవండిలో పవర్‌లూమ్ నడిపేవాడు. మా వైపు నుంచి సోలాపూర్‌కు, బొంబాయికి, భీవండికి, సూరత్‌కు పోయిన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో లెక్కలేదు. ఊళ్లో మగ్గం మీద కూర్చుంటే చిన్నాయన చేతి పనికి పేరు ఉండేది. అంచు చూసి ఇది ఎవరి నేతో చెప్పేవాళ్లు. భీవండిలో ఆయనకు పేరు లేదు. పన్నెండు గంటల షిఫ్టు, ఒకే గదిలో పదిమంది, చెవులు పగిలే చప్పుడు. దసరాకు వచ్చినప్పుడు మామూలుగా మాట్లాడినా అరిచినట్టే మాట్లాడేవాడు, ఆ మిషన్ల మధ్య అలవాటై. సిగర్డ్ జార్ల్‌సన్ పేజీలు ఆయనకు చూపించి తెలుగులో చెప్పాను. ఆయన చాలాసేపు చూశాడు. "అక్కడ గూడ మేస్త్రీ ఉంటడా?" అని అడిగాడు. ఉంటాడు అన్నాను. "మేస్త్రీకి తెల్వదు గదా ఈన దేవుడని?" తెలియదు అన్నాను. ఆయనకు అది చాలా నచ్చింది. ఆ పుస్తకాన్ని మడత పడకుండా పట్టుకుని మళ్లీ మొదటి పేజీ నుంచి బొమ్మలు చూసుకున్నాడు.

నా అభిప్రాయం ఒకటి గట్టిగానే చెబుతాను. పాత కథను ఇప్పటి కాలంలో పెట్టడం అంటే రథం తీసేసి కారు పెట్టడం కాదు. ఆ కథలోని మనిషి ఇప్పుడు ఎక్కడ పని చేసుకుంటూ బతుకుతుంటాడో కనిపెట్టడం. ఆ పని మన పాల్కురికి సోమనాథుడు ఎప్పుడో చేశాడు. ఆయన ఊరు పాలకుర్తి మాకు దూరమేమీ కాదు, కాలం కూడా ఇంచుమించు స్నోరి కాలమే. బసవపురాణంలో శివుడు చాకలి ఇంటికి, నేతగాడి ఇంటికి నడిచి వస్తాడు. దేడర దాసయ్య బట్ట నేసుకునేవాడు, ఆ బట్ట కోసమే శివుడు వేషం వేసుకుని వస్తాడు. జాను తెనుగులో, ద్విపదలో, మన మనుషుల మధ్య. అది డిగ్రీలో పాఠంగా చదివినప్పటి కంటే థోర్ చదివాక నాకు బాగా ఎక్కింది.

ఆ రోజుల్లోనే ఒక స్నేహితుడి దగ్గర 'కామెలాట్ 3000' చదివాను. 1982 చివర్లో మొదలై 1985లో ముగిసిన పన్నెండు సంచికల కథ. మైక్ బార్ రాశాడు, బ్రయాన్ బోలండ్ గీశాడు. ఇంగ్లండ్‌కు కష్టం వచ్చినప్పుడు ఆర్థర్ రాజు మళ్లీ లేస్తాడని అక్కడివాళ్ల నమ్మకం. ఇందులో క్రీ.శ. 3000లో వేరే గ్రహం వాళ్లు భూమి మీద పడితే ఆయన లేస్తాడు. ఆయన వీరులు కూడా కొత్త జన్మల్లో ఉంటారు. గ్రహాంతరవాసుల యుద్ధం నాకు అంత పట్టలేదు. పట్టింది ట్రిస్టన్ కథ. ఐసోల్డ్‌ను ప్రేమించిన ఆ వీరుడు ఈసారి ఆడ శరీరంతో పుడతాడు. పాత జన్మ జ్ఞాపకాలు పెళ్లిపీటల దగ్గర తిరిగొస్తాయి. ఆ శరీరంతో, ఆ ప్రేమతో ఎలా బతకాలో తెలియక అతను పడే వేదన పుస్తకం చివరిదాకా నడుస్తుంది. ఎనభైల మొదట్లో ఒక పెద్ద సంస్థ కామిక్స్‌లో ఇది రావడం చిన్న సంగతి కాదు. బోలండ్ గీతలు ఎంత నిదానంగా, ఎంత శుభ్రంగా ఉంటాయంటే ఆఖరి సంచిక నెలల తరబడి ఆలస్యమైందట. ఆ పేజీలు చూస్తే ఆలస్యానికి అర్థం ఉందనిపిస్తుంది.

2006 నాటికి నేను ఉద్యోగంలో ఉన్నాను. అప్పుడు మన దేవుళ్ల వంతు వచ్చింది. రిచర్డ్ బ్రాన్సన్, దీపక్ చోప్రా, శేఖర్ కపూర్ వంటివాళ్లు కలిసి వర్జిన్ కామిక్స్ పెట్టారు. బెంగళూరులో మన దేశపు చిత్రకారుల చేత గీయించేవాళ్లు. 'దేవి'లో తారా మెహతా అనే మామూలు నగరపు అమ్మాయిలో దేవతలందరి శక్తీ చేరుతుంది. మహిషుణ్ణి చంపడానికి దేవతలంతా తమ తేజస్సు పోసి దుర్గను చేసిన కథకు అది కొత్త రూపు. ముకేశ్ సింగ్ గీశాడు, ఆ వెలుగునీడలు చూసి నేను పేజీ తిప్పడం మరిచిపోయేవాడిని. 'రామాయణ్ 3392 ఏడీ'ని శమీక్ దాస్‌గుప్తా రాశాడు, అభిషేక్ సింగ్ గీశాడు. లోకం నాశనమయ్యాక మిగిలిన మనుషుల రాజ్యం ఆర్మగఢ్, అవతల రావణుడి నార్క్. రాముడు కవచం వేసుకుని, జుట్టు గాలికి వదిలి, నీలి వెలుగులో యుద్ధం చేస్తుంటాడు.

నేను సంబరపడి ఆ రామాయణం సంచికలు ఇంటికి తీసుకుపోయి బాపుకు ఇచ్చాను. అప్పటికి ఆయన మగ్గం దిగి చాలా కాలమైంది. కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పాడు. ఏమంటాడోనని నాకు టెన్షన్. దేవుణ్ణి ఇట్ల గీస్తరా అంటాడనుకున్నాను. ఆయన అదేమీ అనలేదు. రాముడి భుజం మీద వేలు పెట్టి, "ఈ బట్ట ఏం నేతో తెలుస్తలేదు బిడ్డా" అన్నాడు. బట్ట కాదు బాపూ, అది ఇనుప కవచం అన్నాను. "లోపల బట్ట లేకుంట ఇనుము ఒరుస్తది గదా" అన్నాడు. ఆయన పేజీల్లో వెతికింది అది. రాముడు ఏ అంచు పంచె కట్టాడు, ఆ పంచె ఎవరు నేశారు, ఎక్కడి నూలు.

బాపు మాట విన్నాక ఆ పుస్తకాన్ని మళ్లీ చదివాను. బొమ్మలు ఇప్పటికీ గొప్పవే. ఆ చిత్రకారుల మీద నాకు ప్రేమ ఉంది. కానీ ఆ భవిష్యత్తులో రాజులు, రాక్షసులు, యోధులే కళ్లకు కడతారు. గుహుడు, శబరి కోసం నా కళ్లు వెతికాయి. వాళ్ల దగ్గర ఆగితేనే మా వాడలో రామాయణం రామాయణం. వర్జిన్ కామిక్స్ ఎక్కువ కాలం నిలవలేదు. 2008లో ఆ పేరు పోయి లిక్విడ్ కామిక్స్ అయింది. మన కథలకు అంత పెద్ద ఎత్తున, అంత మంచి గీతతో దొరికిన అవకాశం అలా తొందరగా ముగిసిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నేను వెతికేది తిరిగి థోర్ దగ్గరే దొరికింది. మా తమ్ముడు డాలస్ నుంచి సెలవులకు వస్తూ ఒక సంపుటం తెచ్చాడు. 2007లో జె. మైకేల్ స్ట్రజిన్‌స్కీ రాయగా ఒలివియె క్వాపెల్ గీసిన కథ. దేవలోకం ఆస్గార్డ్ నాశనమై ఉంటుంది. థోర్ దాన్ని తిరిగి కడతాడు. ఎక్కడ? ఆకాశంలో కాదు. ఓక్లహోమా రాష్ట్రంలో బ్రాక్స్‌టన్ అనే కుగ్రామం పక్కన, ఎవరిదో పొలంలో. బ్రాక్స్‌టన్ కల్పన కాదు, మ్యాప్‌లో ఉంది. ఊళ్లోవాళ్లకు దేవతలు వచ్చారన్న భయం కంటే పొలం ఎవరిది, అనుమతి ఎవరిచ్చారు అన్న ప్రశ్న ముందు వస్తుంది. పోలీసు వస్తాడు. భూమి ఆసామికి థోర్ తన ఖజానా నుంచి బంగారం ఇస్తాడు. ఆ బంగారు నగరం నేలకు కొన్ని అడుగుల ఎత్తున గాలిలో నిలబడుతుంది.

ఆ తర్వాత పేజీలు నాకు కంఠస్థం. ఊరివాళ్లు, దేవతలు మెల్లగా ఇరుగుపొరుగు అవుతారు. గ్రామసభకు దేవతలు వచ్చి కూర్చుంటారు. హోటల్లో వంట చేసే బిల్ అనే కుర్రాడు, కెల్డా అనే దేవకన్య ప్రేమించుకుంటారు. ఆ కుర్రాడిని గొప్పవాడిగా మార్చరు. వంటవాడిగానే ఉంటాడు, వంటవాడిగానే ఒక దేవుడి ప్రాణం కోసం కత్తి పట్టి చనిపోతాడు. ఇంకో సంచికలో థోర్ న్యూఆర్లియన్స్ వెళ్తాడు. 2005లో కత్రినా తుఫాను ముంచేసిన నగరం. ఖాళీ ఇళ్ల మధ్య నడుస్తాడు. ఆ వరద వచ్చినప్పుడు తాను లేనని, ఉండి ఉంటే ఆపేవాణ్ణని కుమిలిపోతాడు. మిగతా వీరులంతా ఎక్కడికి పోయారని అడుగుతాడు. దేవుడు తాను రాలేకపోయిన చోట నిలబడి జనానికి జవాబు చెప్పుకోవాల్సి రావడం... నాకు అంతకు మించిన పురాణ ఘట్టం ఈ కాలపు బొమ్మల్లో కనిపించలేదు.

మా వైపు వాళ్లకు బ్రాక్స్‌టన్ వింతగా ఉండదు. మా మైసమ్మ చెరువు కట్ట మీద ఉంటుంది. పోచమ్మ ఊరి పొలిమేరలో, వేపచెట్టు కింద. బోనం ఎత్తుకుపోయినప్పుడు అమ్మవారిని పేరు పెట్టి అడుగుతారు, వానలు ఎందుకు పడలేదు, పిల్లకు జ్వరం ఎందుకు తగ్గలేదు అని. ఆమె పూనిన మనిషి నోట జవాబు చెప్పి తీరాలి. దేవత అంటే నిలదీయగలిగిన పొరుగు మనిషి. ఆ చనువు ఒక అమెరికన్ రచయిత ఓక్లహోమా రైతుల మధ్య పట్టుకోవడం నాకు ఎంత సంతోషమో చెప్పలేను. ఆ సంపుటం ఇప్పుడు నా దగ్గర అట్ట వదిలిపోయి ఉంది.

ఈ మధ్య చేర్యాల వెళ్లాను. ధనాలకోట వారి కుటుంబం ఆ కళను నిలబెట్టిన తీరు చూసి చేతులు జోడించాను. ముఖాలు, గోడకు వేలాడదీసే చిన్న పటాలు, కీచెయిన్లు బాగానే అమ్ముడవుతున్నాయి. కథ చెప్పే పొడవాటి పటం గీయించుకునేవాళ్లు తగ్గిపోయారు, ఎందుకంటే కథ చెప్పేవాళ్లే తగ్గిపోయారు. మా వాడకు కూనపులి వాళ్లు రాక చాలా ఏళ్లయింది. ఎర్ర నేపథ్యం, వరుసల వెంట నడిచే కథ, పక్కన నిలబడి ఇప్పటి మాట చెప్పే మనిషి. కామిక్స్‌కు కావలసినవన్నీ మన దగ్గర ఎప్పటి నుంచో తయారుగా ఉన్నాయి. తెలుగులో ఎవరైనా ఒక్కరు, ఒకే ఒక్క కథ, ఆ పటం గీతల్లో, ఇప్పటి కాలంలో పెట్టి పుస్తకంగా తెస్తే బాగుండునని నా ఆశ. చిత్రకారులు ఉన్నారు. నేను చూసిన మన కుర్రాళ్ల గీతలు ఏ దేశం వాళ్లకూ తీసిపోవు.

ఏ కథ అని అడిగితే భావనారుషి అంటానని మావాళ్లు అనుకుంటారు. కానీ నేను కాటమరాజు కథ అంటాను. గొల్ల సుద్దుల్లో పాడే కథ. కరువు వచ్చి మేత లేక కాటమరాజు తన మందలను నెల్లూరు సీమకు తోలుకుపోతాడు. మేతకు పుల్లరి కడతానని అక్కడి రాజు మనుమసిద్ధితో ఒప్పందం. తర్వాత పుల్లరి దగ్గరే తగువు వచ్చి యుద్ధం అవుతుంది. అందులోనే ఖడ్గతిక్కన చనిపోతాడు. ఎవరు న్యాయం, ఎవరు అన్యాయం అని తేల్చడం కష్టం. కరువు, వలస, పరాయి జిల్లా, పన్ను, రెండు వైపులా పోయిన ప్రాణాలు. ఇందులో ఏది పాతబడింది?

మొదటి పేజీ నా కళ్లముందు ఉంది. ఎర్రటి నేపథ్యం. నల్లగా హైవే. ఎండిన చెరువు పక్కన వరుసగా ఆగిన డీసీఎంలు, వాటి నిండా బర్రెలు, గొర్రెలు. ముందు బండి మీద కాళ్లు వేలాడేసి కూర్చున్న మనిషి, భుజాన గొంగడి, చెవి దగ్గర సెల్‌ఫోన్. అవతలివాడు మేతకు ఎకరానికి ఎంత అడుగుతున్నాడో మనకు వినిపించదు. బండి కింద కూలబడ్డ ముసలాయన ఆవుకు బాటిల్‌తో నీళ్లు తాగిస్తుంటాడు. రెండో వరుసలో చెక్‌పోస్టు, చేయెత్తి ఆపుతున్న ఉద్యోగి. మూడో వరుసలో ఆ ఉద్యోగికి గొంగడి మనిషి తన పేరు చెబుతాడు. ఏ ఊరో మార్చుకోవచ్చు, ఏ బండో మార్చుకోవచ్చు, బట్టలు మార్చుకోవచ్చు. పేరు మాత్రం కాటమరాజనే ఉండాలి.